కుక్క పహాణీ

నేను మరాఠీలో తప్పు లేకుండా రాసిన మొదటి మాటలివి: "కుక్క ఈ ఉదయం కంచె పక్కన దొడ్డికి కూర్చుంది. రంగు పసుపు. గట్టిగా ఉంది." ఇప్పుడు అదే భాషలో సర్కారు జీతానికి పంటల గురించి రాస్తున్నాను. వాటిని ఎవరూ చదవరు. కుక్క గురించి రాసినదాని కోసం మాత్రం రోజూ ఇద్దరు ఎదురుచూసేవారు. ఒకరు మా పెద్దబాపు. రెండోవారు ఆయనను తిట్టడానికి ఆయన భార్య, మా పెద్దవ్వ.

రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లా నుంచి తెగి అవతలి రాష్ట్రంలో కలిసిన సంవత్సరాలవి. ముందు మమ్మల్ని నాందేడ్‌కు ఇచ్చారు. మేం వాళ్ళకు దూరమయ్యామో, నచ్చలేదో, తరవాత వార్ధా నది అవతలున్న చాందాకు ఇచ్చారు. ఇప్పుడు చంద్రపూర్ అనమంటున్నారు, అప్పుడు చాందానే. మేం మా ఊళ్ళోంచి కదలలేదు. పొద్దున లేచేసరికి జిల్లా మారేది. ఊళ్ళో చాలామందికి దీనివల్ల పోయిందీ లేదు, వచ్చిందీ లేదు. పెద్దబాపుకు మాత్రం ఉద్యోగం పోయింది.

ఆయన ఊరి పట్వారీ. ఆయన తండ్రి పట్వారీ, తాత పట్వారీ. ఏ చేను ఎవరిది, అందులో ఈ ఏడు జొన్న ఉందా పత్తి ఉందా అన్నది వీళ్ళు రాస్తే ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు. పెద్దబాపుకు పిల్లలు లేరు. తమ్ముడి కొడుకును కాబట్టి ఆయన తరవాత ఆ కలం నా చేతికి రావాలి. అందుకే నన్ను రాజురాలో ఉంచి ఉర్దూ చదివించారు. నేను ఉర్దూలో కాస్త నిలదొక్కుకునే సమయానికి కాగితాలన్నీ ఇకమీదట మరాఠీలో ఉండాలని హుకుం వచ్చింది. పట్వారీ పోయి తలాఠీ వచ్చాడు. పని అదే, మనిషి వేరు.

వచ్చిన తలాఠీ నాకంటే రెండు మూడేళ్ళు పెద్ద. సైకిలు దిగి, ఎవరూ కూర్చోమనకముందే పెద్దబాపు మంచం మీద కూర్చున్నాడు. పెద్దబాపు లోపలి నుంచి దస్తరాలు ఒక్కొక్కటే తెచ్చి ముందు పెట్టాడు. మూడు తరాల కాగితాలు, ఒక్కో కట్టకు ఒక ఎర్రటి ముతక గుడ్డ చుట్టి, ముడి వేసి ఉండేవి. తలాఠీ ఒక కాగితం తీసి, ఉర్దూను తలకిందులుగా పట్టుకుని కాసేపు చూసి, ఇవేం చీమలు అని మరాఠీలో అడిగాడు. తరవాత గుడ్డలన్నీ విప్పి వాకిట్లో పడేసి, కాగితాలను గోనె సంచుల్లో కుక్కాడు. పెద్దబాపు రసీదు అడిగాడు. తలాఠీ రాసిచ్చాడు.

"ఏం రాసిండు ర? చదువు," అన్నాడు పెద్దబాపు. మరాఠీ వింటే మా అందరికీ కాస్తోకూస్తో అర్థమయ్యేది. చదవడం ఇంట్లో నాకొక్కడికే, అదీ కూడబలుక్కుని వచ్చేది.

"రద్దీ కాగితాలు, మూడు సంచులు," అని చదివాను.

ఆ 'రద్దీ', అంటే చెత్త, అన్న మాటను నేను మింగేసి ఉండొచ్చు. అప్పటికి నాకు అబద్ధం చెప్పడం అలవాటు కాలేదు.

వాకిట్లో పడిన ఎర్ర గుడ్డల్ని పెద్దవ్వ ఏరి, ఉతికి, ఆరేసింది. ఆమె పెద్దబాపుతో నేరుగా మాట్లాడగా నేనప్పటిదాకా వినలేదు. ఏం చెప్పాలన్నా నాకు చెప్పేది, ఆయన పక్కనే ఉన్నా సరే. "మీ పెద్దబాపుకు జెప్పు ర, సర్కారుది గుడ్డ పీలికలన్న మిగిలినయి మనకు, ముక్కు తుడుసుకోను పనికొస్తయని."

మర్నాడు పెద్దబాపు ఎప్పటిలా చావడి మీదుగా నడిచి వెళ్ళాడు. ముందైతే ఆయన కర్ర చప్పుడు వినగానే అరుగు మీద వాళ్ళంతా లేచి నిలబడేవారు. ఆ రోజు ఎవరూ లేవలేదు. ఒకాయన మాత్రం లేవబోయి, అటూ ఇటూ చూసి, లేవబోయింది గోక్కోవడానికే అన్నట్టు నడుము గోక్కుని కూర్చున్నాడు. పెద్దబాపు వెనుక నడుస్తున్న నాకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వును నేనెప్పుడూ ఆపుకోలేదు.

ఆ నెలలోనే కుక్క వచ్చింది. బల్లార్‌పూర్ బొగ్గుగనుల్లో పనిచేసే ఒక దొర తన దేశం వెళ్ళిపోతూ దాన్ని పెద్దబాపుకు పంపాడు. ఎప్పుడో ఏదో భూమి కాగితం వెతికిపెట్టినందుకు బహుమానమట. గొలుసు, పింగాణీ గిన్నె, కుక్క, మూడింటినీ దొర దగ్గర వంట చేసే ఖాన్సామా పడవలో తెచ్చాడు. పెద్ద చెవులు, గోధుమ రంగు, చూస్తే అది మమ్మల్నే పెంచుకోవడానికి వచ్చినట్టుండేది. దానికొక ఇంగ్లీషు పేరుండేది. మా ఊళ్ళో ఎవరికీ నోరు తిరగక 'ఓ కుక్కా' అంటే వచ్చేది.

వెళ్ళేముందు ఖాన్సామా పెద్దబాపును పక్కకు పిలిచి ఒకే ఒక్క జాగ్రత్త చెప్పాడు. జ్వరం వచ్చినా, కడుపులో పురుగు పడినా ఇది చెప్పలేదు. రోజూ పొద్దున ఇది వేసింది చూడండి. రంగు చూడండి, గట్టిగా ఉందా చూడండి. ఒక్క రోజు వెయ్యకపోతే కనిపెట్టండి, రెండు రోజులు వెయ్యకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి. దొర ఎనిమిదేళ్ళు అలాగే చూసుకున్నాడు.

మాలాంటి కాపుదనం ఇళ్ళలో ఎద్దు పేడ చూసి ఎద్దు సంగతి చెప్పడం మామూలే. కుక్కది చూడడం మాత్రం ఎవరూ వినలేదు. పెద్దవ్వ నోట్లో కొంగు పెట్టుకుని నవ్వింది. "ముప్పై ఏండ్లు ఊరోళ్ళ భూములు జూసిండు. ఇగ కుక్క దొడ్డి జూస్తడట. మంచిగున్నది, నౌకరి దొరికింది."

పెద్దబాపు ఆ నౌకరిని నిజంగానే తీసుకున్నాడు. కారణం నాకు తెలుసు. ఆయన బయటి నుంచి ఇంట్లోకి అడుగు పెట్టగానే ఆ కుక్క లేచి నిలబడేది. గాఢంగా నిద్రపోతున్నా, తింటున్నా లేచేది. ఆయన కూర్చున్నాక తను కూర్చునేది. ఊళ్ళో ఆయన కోసం లేచేది ఇక అదొక్కటే. అది ఉన్నన్నాళ్ళూ ఆయన పట్వారీయే.

చిక్కేమిటంటే, ఆయన కళ్ళకు పొరలు వచ్చాయి. కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఎడమ కంటికి ముక్కుకు ఆనించి పట్టుకుంటే నలుపూ తెలుపూ తెలిసేవి, రంగులు తెలిసేవి కావు. ముక్కుకు ఆనించి చూడదగిన వస్తువు కాదది. అందుకని నన్ను పెట్టాడు. పాత పహాణీ బుక్కు ఒకటి తలాఠీ కంట పడకుండా మిగిలింది. పహాణీ అంటే చేను చేనుకూ తిరిగి ఏ పంట ఉందో చూసి రాసే పుస్తకం. దాంట్లో గీతలు అలాగే ఉంచి, పంట పేరు రాసే చోట రంగు, విస్తీర్ణం చోట గట్టితనం, సర్వే నంబరు చోట స్థలం రాయమన్నాడు. చివరి గడి 'కైఫియత్'. అంటే మనం చెప్పదలచుకున్న విశేషం.

"మరాఠీల రాయి," అన్నాడు. "నీకు పరీచ్ఛకు పనికొస్తది. రేపు నువ్వే తలాఠీవైతవ్. నాకు చదివి చెప్పు, కింద నేను దస్కతు పెడ్త."

అలా మొదలైంది. మా ఊళ్ళో మనుషులందరూ పొద్దున చెంబు పట్టుకుని చేన్ల వైపు వెళ్ళేవారు. ఎవరి దారిన వాళ్ళు, ఒంటరిగా. కుక్కకు మాత్రం వెనక ఒక గుమస్తా. కంచెల చాటు నుంచి గొంతులు వినపడేవి.

"ఓ చిన్న పట్వారీ! మాది గూడ రాసుకో రాదూ, గట్టిగనే ఉన్నది!"

"నీది పోరంబోకు భూమి మామా," అనేవాణ్ణి. "రాసే అధికారం లేదు."

"కుక్కకు పట్టా ఇచ్చిండ్రా మరి?"

"కౌలు కిచ్చిండ్రు."

మూడు నాలుగు వారాలు నిజాయితీగా తిరిగాను. చలికాలం మొదలై చేన్లలో మంచు పడుతుంటే పైజామా అంచులు మోకాళ్ళ దాకా తడిసేవి. కుక్క దొర బుద్ధి గలది, పది చోట్ల వాసన చూసిగాని ఒక చోట కూర్చునేది కాదు. ఇంటికొచ్చాక ఒకటే సంభాషణ.

"కైఫియత్ ఏంది ర?"

"ఐజన్ పెద్దబాపు."

ఐజన్ అంటే 'పైన రాసినట్టే' అని ఉర్దూ. పట్వారీల పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించే మాట అదే. ఎందుకంటే పహాణీ కోసం చేన్లకు వెళ్ళే పట్వారీని నేను చూడలేదు. పెద్దబాపు అరుగు మీద కూర్చుని, పోయినేటి పుస్తకం ముందు పెట్టుకుని, ఊరంతా రాసేసేవాడు. ఆ విద్య నాకు నేర్పింది కూడా ఆయనే, చాలా ప్రేమగా.

"చేన్లకు పోవద్దని నేను చెప్తలేను. పోయినట్టు రాయాల్నంటున్న," అనేవాడు. "ఒక్కొక్క చేనుకు ఒక్కొక్కసారి కలం ముంచు. ఒక్క ముంచుల నాలుగు చేన్లు రాసినవనుకో, సిరా పలచబడుకుంట పోతది. చూసెటోడు పట్టుకుంటడు. నన్ను గట్లనే ఒక తహసీల్దారు పట్టుకున్నడు. ఊరందరి ముంగట ఆ పుస్తకం నా నెత్తిన పెట్టి నిలబెట్టిండు."

నేను సగమే విన్నాను. చేన్లకు పోనక్కర్లేదన్న సగం.

అప్పుడే బస్సు ఆగే చోట ఒకాయన చాయ్ హోటలు పెట్టాడు. నేను సందు చివర కుక్క గొలుసు విప్పేసి హోటల్లో కూర్చునేవాణ్ణి. అది తన పని తాను చూసుకుని వచ్చేది, నేను నా చాయ్ తాగి లేచేవాణ్ణి. ఇద్దరం కలిసి ఇంటికి వెళ్ళేవాళ్ళం. ఒక సోమవారం, అక్కడే కూర్చుని, ఆదివారం దాకా ఏడు రోజులదీ ముందే రాసేశాను. కంచె పక్కన, వేప కింద, బావి గట్టున, మళ్ళీ కంచె పక్కన. పసుపు, పసుపు, కాస్త ముదురు పసుపు. గట్టిగా ఉంది. విత్తనం వెయ్యకముందే పంట కోసినట్టు. హోటలాయన దోస్తుగాడు చూసి, "శుక్రారం నీళ్ళు నీళ్ళయితె ఎట్ల ర?" అన్నాడు. "సర్కారు కాగితంల రాసినంక కుక్క మాట ఎవడింటడు?" అన్నాను. అందరూ నవ్వారు. చాయ్ ఉచితంగా వచ్చింది.

కుక్కకు పక్క బట్టగా పెద్దవ్వ ఆ ఎర్ర దస్తరం గుడ్డలే వేసింది. చలేస్తుందని జాలిపడి కాదు. "మీ పెద్దబాపు కొలువు మీద పండుకోమను," అని వేసింది. కుక్కకు ఏం తోచేది కాదేమో, రోజూ వాటిని నమిలేది. అదే సోమవారం ఇంటికొచ్చి చూస్తే ఒక గుడ్డ అంచు జానెడు మేర లేదు, ముడితో సహా.

"పెద్దబాపూ, కుక్క ఒక సర్వే నంబరు మింగింది," అన్నాను.

పెద్దవ్వ నవ్వింది. మా బాపు నవ్వాడు. పెద్దబాపు కూడా నవ్వి, "తరీదా, ఖుష్కీదా?" అన్నాడు. మాగాణా, మెట్టా అని. చాలా రోజుల తరవాత ఆయన నవ్వడం అదే. ఇంటిల్లిపాదీ నవ్విన జోకు నాకు అంతకు ముందు ఎప్పుడూ పడలేదు. అందుకని దాని గురించి మళ్ళీ ఎవరూ ఆలోచించలేదు, నాతో సహా.

బుధవారం కుక్క అన్నం ముట్టలేదు. గురువారం కక్కింది.

"ఏమ్ర, దొడ్డికి పోయిందా?" అని అడిగాడు పెద్దబాపు.

పుస్తకం తెరిచాను. గురువారం గడిలో సోమవారం నాటి రాత నా కోసం ఎదురుచూస్తోంది. "కంచె పక్కన. పసుపు. గట్టిగా ఉంది."

"పోయింది, మంచిగనే పోయింది."

"గట్లయితె కడుపుల ఏం లేదు. సలి కొట్టింది," అన్నాడాయన. వాము నీళ్ళు పట్టించాడు. శుక్రవారం పసరు కక్కింది. శనివారం గోడకు తల ఆనించి నిలబడింది, పొట్ట డోలులా బిగిసింది. రోజూ ఆయన అదే ప్రశ్న అడిగాడు, నేను అదే సోమవారాన్ని చదివాను. విన్న ప్రతిసారీ ఆయన మొహం తేటపడేది. ఖాన్సామా చెప్పిన లెక్కలో అన్నీ బాగున్నాయి.

నిజం చెప్పొచ్చు గదా అంటారు. శుక్రవారం గడిలో నిజం రాయాలంటే ముందున్నది కొట్టెయ్యాలి. మా ఇంట్లో అబద్ధం చెల్లుతుంది, కొట్టివేత చెల్లదు. పట్వారీ పుస్తకంలో ఒక్క మాట కొట్టేస్తే దాని పక్కన ఎందుకు కొట్టేశావో రాసి దస్కతు పెట్టాలి. ఎందుకు కొట్టేశానో రాసే మరాఠీ నా దగ్గర లేదు.

ఆదివారం పొద్దున పెద్దబాపు కుక్కను పాత దుప్పటిలో చుట్టి చాందా వెళ్దామన్నాడు. అక్కడి పసుల దవాఖానలో కొత్త డాక్టరు వచ్చాడట. "ఆ బుక్కు గూడ పట్టుకో," అన్నాడు. "డాక్టరుకు చూపియ్యాలె." పెద్దవ్వ గుమ్మంలోకి వచ్చి, "మీ పెద్దబాపుకు జెప్పు, నాకు పదిరోజులు జరమొస్తె రాజురా దాకా గూడ తీస్కపోలే అని," అంది. ఆయన వినపడనట్టు బండెక్కాడు.

బండిలో రేవు దాకా, పడవలో వార్ధా అవతలికి, అక్కడి నుంచి మోటారులో చాందాకు. దారి పొడుగునా కుక్క ఆయన ఒడిలో ఉంది. దవాఖానలో ఆయన బల్ల దగ్గరికి నడుస్తుంటే అది లేవడానికి ప్రయత్నించింది. ముందు కాళ్ళు లేచాయి, వెనక కాళ్ళు లేవలేదు. "కూసో కూసో," అన్నాడు పెద్దబాపు దాంతో, పాత రోజుల్లో చావడి దగ్గర అన్నట్టే.

డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. మొదట అడిగిన మాట ఇదే, మరాఠీలో: రోజూ విరేచనం అవుతోందా? పెద్దబాపు నా వైపు తిరిగాడు. డాక్టరు నా వైపు తిరిగాడు. ఆ గదిలో సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేనూ కుక్కా. అది చెప్పలేదు. నేను పుస్తకం ఇచ్చాను.

డాక్టరు పేజీలు తిప్పాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం చూసి పట్టుబడ్డాననుకున్నాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఇంత చక్కటి రికార్డు పెద్ద పెద్ద ఆఫీసర్ల ఇళ్ళలో కూడా చూడలేదన్నాడు. మరాఠీ ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. ఒక్క హ్రస్వదీర్ఘం తప్పు లేదన్నాడు. తరవాత పెద్దబాపుకు నా చేత చెప్పించాడు: రోజూ గట్టిగా అవుతోంది కాబట్టి పేగులో అడ్డం ఏమీ లేదు, పైత్యం చేసింది, వాంతులు ఆగడానికి మందిస్తాను, ఇంటికి తీసుకెళ్ళండి.

నేను ఒక్క మాట కూడా తప్పు లేకుండా అనువాదం చేశాను. ఆ మెప్పుదల సహా.

మధ్యాహ్నానికి రేవు దగ్గరికి తిరిగి వచ్చాం. పడవ అవతలి ఒడ్డున ఉంది. ఇసుకలో కుక్కను దింపాం. అది నాలుగు అడుగులు వేసి, నడుము వంచి, ముక్కింది. చాలాసేపు ముక్కింది. చివరకు దాని వెనక ఒక దారం కనిపించింది, ఎర్రగా, వేలెడంత.

"ఏందది?" అన్నాడు పెద్దబాపు. వాసనను బట్టి ఏదో వచ్చిందని తెలిసింది. ఆయన ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని, చేత్తో తడిమి, ఆ దారాన్ని పట్టుకున్నాడు. రెండు వేళ్ళ మధ్య నలిపాడు. ఆ గుడ్డ ఆయన ముప్పై ఏళ్ళు రోజూ విప్పి కట్టినది. కళ్ళు అక్కర్లేదు.

"బుక్కు ఇటియ్యి," అన్నాడు.

ఎడమ కంటికి ఆనించి, ఎండకు తిప్పి పట్టుకున్నాడు. ఆయనకు మరాఠీ ఒక్క అక్షరం రాదు. కానీ ఆయన చదివింది అక్షరాలను కాదు. సోమవారం చిక్కగా మొదలైంది. మంగళవారానికి పలచబడింది. బుధవారం మధ్యలో మళ్ళీ చిక్కబడింది. గురువారం శుక్రవారం ఒకే ముంచులో వెళ్ళిపోయాయి. కింద ఆయన దస్కతు.

చాలాసేపు చూశాడు. నేను ఏదైనా అనాలని వెతికాను. నోట్లో ఎప్పుడూ రెండు జోకులు సిద్ధంగా ఉండేవి.

"ఏ అరుగు మీద కూసోని రాసినవ్ ర?" అని అడిగాడు.

"హోటల్ల."

"ఎన్ని దినాలాయె ఇది పోక?"

"తెల్వది. నేను చూడలే."

ఆయన కొట్టలేదు. కొడతాడని నేను చెంప కాస్త ముందుకు పెట్టి మరీ నిలబడ్డాను. ఆయన దుప్పటి పరిచి, కుక్కను ఎత్తుకుని, మోటారు దిక్కు నడవడం మొదలుపెట్టాడు. దారి కనపడక పక్కకు పోతుంటే నేను వెళ్ళి భుజం పట్టుకోబోయాను. భుజం విదిలించుకున్నాడు. తప్పు దారిలోనే కొంత దూరం వెళ్ళాడు.

మళ్ళీ చాందా చేరేసరికి సాయంత్రం. డాక్టరు దారం చూసి లాగలేదు, లాగితే పేగు కోసుకుంటుందన్నాడు. గుడ్డ సోమవారం మింగిందని నేను చెప్పగానే ఆరు రోజులా అని అరిచాడు. మొన్ననే తెచ్చుంటే పొట్ట కోసి తీసేవాణ్ణి, పొద్దున నిజం చెప్పినా చూసేవాణ్ణి అన్నాడు. అరుస్తున్నది పెద్దబాపు మీద. ఈ ముసలాయన గుడ్డివాడా, రోజూ దస్కతు ఎలా పెట్టాడు అని నన్ను అడిగాడు. నేను అనువాదం చెయ్యలేదు. పెద్దబాపుకు అనువాదం అక్కర్లేకపోయింది.

"దస్కతు నాదే," అన్నాడు తెలుగులో. "తప్పు నాదే అని చెప్పు."

చెప్పాను. కుక్క బల్ల మీదే పోయింది. డాక్టరు చేతులు కడుక్కుంటూ, ఆ రికార్డు మాత్రం పారెయ్యమన్నాడు.

తిరుగు మోటారులో కండక్టరు దుప్పటి చూసి, కుక్క కదలడం లేదేమని అడిగాడు. "గని దొర కుక్క, మోటార్ల కదలొద్దని నేర్పిండ్రు," అన్నాను. కండక్టరు నవ్వి పోయాడు. దాన్ని దింపెయ్యకుండా కాపాడాననే అనుకున్నాను. పెద్దబాపు దుప్పటి అంచు సరిచేశాడు, అంతే.

మర్నాడు పొద్దున మా చేని గట్టున పాతిపెట్టాం. ఇంటికి రాగానే ఆయన పుస్తకం నా ముందు పెట్టాడు.

"రాయి."

"ఏం రాయాలె?"

"ఏం చూసినవో అది రాయి."

"చనిపోయింది. చేని గట్టున పాతిపెట్టబడింది," అని రాశాను. అంతే అనుకున్నాను. మరుసటి పొద్దున మళ్ళీ లేపాడు.

"పోయి చూసి రా. నక్కలు తవ్వినయా, మన్ను కుంగిందా, చూసొచ్చి రాయి."

వెళ్ళాను. వచ్చాను.

"కైఫియత్?"

"ఐజన్."

మూడు రోజులు వెళ్ళాను. నాలుగో రోజు కొట్టం వెనక కాసేపు నిలబడి వచ్చేశాను. చచ్చిన కుక్క ఒక రాత్రిలో ఏం మారుతుంది?

"కైఫియత్?"

"ఐజన్."

ఆయన మంచం మీంచి వంగి, చెయ్యి చాచి, నా పైజామా అంచు పట్టుకున్నాడు. వేళ్ళతో నలిపాడు. పొడిగా ఉంది.

"మన చేన్ల మంచు పడ్తలేదా ర?" అన్నాడు. "మల్ల పోయి రా."

ఆ రోజు నుంచి ప్రశ్న కంటే ముందు ఆయన చెయ్యి వచ్చేది. నెల రోజులు అలా నడిచింది. నేను తరవాత మరాఠీ పరీక్ష గట్టెక్కాను, తలాఠీనయ్యాను, ఇప్పుడు గడ్‌చాందూర్ వైపు నాలుగు ఊళ్ళ పహాణీ నాది. వానలో చేన్లకు వెళ్ళనని ముందే చెబుతున్నాను. ఒక్కొక్క చేనుకు ఒక్కొక్కసారి కలం మాత్రం తప్పకుండా ముంచుతాను.

ఆ నెలలో ఒక పొద్దున ఆయన వంగి నా కాళ్ళ దగ్గర తడుముతుంటే పెద్దవ్వ పాలచెంబుతో వచ్చి ఆగిపోయింది. మొదటిసారి ఆమె నాకు చెప్పకుండా ఆయనకే చెప్పింది.

"ఓ! ఏందిది? పిలగాని కాళ్ళు మొక్కుతున్నవా?"

"లే," అన్నాడాయన తల ఎత్తకుండా. "తనిఖీ చేస్తున్న."

నేను ఏదో అన్నాను. దీర్ఘాయుష్మాన్‌భవ అనో, అలాంటిదే ఏదో. పెద్దవ్వ నవ్వలేదు. చెంబు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళింది. ఆయన నా పైజామా అంచును గట్టిగా పిండాడు. రెండు చుక్కలు నేల మీద పడ్డాయి. ఆ చప్పుడు విన్నట్టు కాసేపు ఆగాడు.

"ఇయ్యాల పోయినవ్," అన్నాడు. "రాయి."

కలం ముంచి రాశాను. ఐజన్.